కడబంతిలో పదకొండో నంబరు

ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఉద్యోగం చేసేవాళ్లకు సెప్టెంబరు నుంచి జనవరి దాకా సోమవారం ఉదయం మీటింగు ఎలా సాగుతుందో ఆదివారం సాయంత్రానికే తెలిసిపోతుంది. ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఈగిల్స్ గెలిస్తే ఆలస్యమైన పనికి కూడా క్షమాభిక్ష దొరుకుతుంది. ఓడితే ఈమెయిల్‌లో కామా తప్పినా తంటాయే. లిఫ్టులో ముక్కూ మొహం తెలియనివాడు ఎదురైనా ‘గో బర్డ్స్’ అంటాడు, మనమూ అదే అనాలి. పలకరింపూ అదే, వీడ్కోలూ అదే. కొత్తగా వచ్చినప్పుడు ఇదేం పిచ్చి అనుకున్నాను. ఆట అర్థమయ్యాక కూడా పిచ్చి అనే అనుకుంటున్నాను గానీ, అందులో ఇప్పుడు నా వాటా కూడా ఉంది.

ఆ వాటాకు కారణం ఏ.జె. బ్రౌన్. పదకొండో నంబరు జెర్సీ, వైడ్ రిసీవర్, అంటే ముందుకు ఉరికి, విసిరిన బంతిని పట్టుకునేవాడు. మిసిసిపీ రాష్ట్రంలోని స్టార్క్‌విల్ అతని ఊరు. 2019లో టెనెసీ టైటన్స్ జట్టులో మొదలుపెట్టాడు. 2022 ఏప్రిల్‌లో, కొత్త ఆటగాళ్ల ఎంపిక జరుగుతున్న రాత్రే ఈగిల్స్ అతన్ని మార్పిడిలో తెచ్చుకుని, నాలుగేళ్లకు 10 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చింది. వచ్చిన ఏడాదే బంతి పట్టుకుని జట్టును ముందుకు నడిపిన దూరం 1,496 గజాలు, మరుసటి ఏడాది 1,456. వరుసగా ఆరు ఆటల్లో 125 గజాలకు తగ్గకుండా సాధించి రికార్డు పెట్టాడు. అంత చేసినవాడికి ఆ తర్వాత బంతి రావడం తగ్గింది. జట్టేమో గెలుస్తూ పోయింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

టీవీలో చూసేవాళ్లకు రిసీవర్ పడే పాటు సగం కూడా కనిపించదు. కెమెరా బంతి వెంట పోతుంది. ఆట కదలగానే అతను తెర అంచు దాటి మాయమవుతాడు, బంతి వస్తేనే మళ్లీ ప్రత్యక్షమవుతాడు. 2024 డిసెంబరు 8న కరోలినా పాంథర్స్‌తో ఆటకు మా ఆఫీసులో ఒకాయన దగ్గర టికెట్ మిగిలితే నాకిచ్చాడు. బ్రాడ్ స్ట్రీట్ సబ్‌వేలో చివరి స్టేషన్‌లో దిగి, ఆకుపచ్చ జెర్సీల ప్రవాహంలో కొట్టుకుపోయి, స్టేడియం పై అంతస్తులో తేలాను. అక్కడినుంచి మైదానం మొత్తం అరచేతిలో ఉన్నట్టుంటుంది. బంతి సంగతి అరవై వేల మంది చూసుకుంటారులే అని, నేను పదకొండో నంబరునే చూస్తూ కూర్చున్నాను.

గీత దగ్గర ఒక చివర నిలబడతాడు. ఎదురుగా డిఫెండర్. బంతి కదలగానే లోపలికి పోతున్నట్టు భుజం వంచి, ఒక్కసారిగా బయటికి కోసుకుంటూ పోతాడు. పదిహేను గజాలు ఉరికి, ఠక్కున ఆగి, వెనక్కి తిరుగుతాడు. వేళ్లు విచ్చుకుని ఉంటాయి. అప్పటికే బంతి, దాన్ని పట్టుకుని పరుగెత్తే సాక్వాన్ బార్క్‌లీ పొట్టలో ఉంటుంది. అతను మధ్యలోంచి దూసుకుపోతుంటాడు. జనం లేచి అరుస్తారు. పదకొండో నంబరు చేతులు దించి నడుచుకుంటూ వెనక్కి వస్తాడు. మళ్లీ గుంపులోకి, మళ్లీ గీత దగ్గరికి, మళ్లీ అదే పరుగు. కొన్నిసార్లు ఆ పరుగు కూడా ఉండదు. ఎదుటివాణ్ణి ఛాతీతో నెట్టుకుంటూ పక్కకు తోసి, బార్క్‌లీకి దారి చేయడమే పని.

పై నుంచి చూస్తేనే తెలిసే సంగతి ఇంకొకటుంది. అతను ఏ వైపు నిలబడితే ఎదుటి జట్టు వెనక వరుస కాపలాదారు, సేఫ్టీ అంటారు, అతను కూడా ఆ వైపే ఒరుగుతాడు. ఒకడికి కాపలా ఇద్దరు. అలా ఖాళీ అయిన చోటునుంచే ఇంకొకరు పరుగు తీస్తారు. స్కోరు కార్డులో దీనికి గడి లేదు. ఆ రోజు బార్క్‌లీ ఒక సీజనులో పరుగెత్తి సాధించిన గజాల్లో జట్టు పాత రికార్డును దాటేశాడు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ పాసులన్నీ కలిపితే 108 గజాలు. బ్రౌన్‌కు దక్కింది నాలుగు క్యాచ్‌లు, 43 గజాలు. చివర్లో పాంథర్స్ ఆటగాడి చేతుల్లోంచి బంతి జారింది కాబట్టి ఈగిల్స్ 22–16తో బయటపడింది. వరుసగా తొమ్మిదో గెలుపు.

ఆట అయ్యాక విలేకరులు అడిగారు, దాడిలో, అంటే బంతి మన చేతిలో ఉన్నప్పటి ఆటలో, ఏం మెరుగుపడాలని. బ్రౌన్ ఒకే ఒక్క మాట అన్నాడు: పాసింగ్.

ఇక చూడాలి గగ్గోలు. పాసు విసిరేది హర్ట్స్ కదా, అంటే హర్ట్స్‌ను అన్నట్టే కదా అని ఊరంతా తేల్చేసింది. పుండు మీద కారం చల్లినట్టు, జట్టులోని సీనియర్ బ్రాండన్ గ్రాహమ్ రేడియోలో మాట్లాడుతూ వాళ్లిద్దరి మధ్య మునుపటి స్నేహం లేదన్న అర్థం వచ్చేలా ఏదో అని, తర్వాత పొరపాటుగా ఊహించానని క్షమాపణ చెప్పుకున్నాడు. హర్ట్స్ పరాయివాడేమీ కాదు, బ్రౌన్ కూతురికి గాడ్‌ఫాదర్. మన పెద్దలన్న మాట ఒకటుంది: వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని. ఇక్కడ వడ్డించేవాడు మనవాడే. కూర మాత్రం ఆకు దాకా రావడం లేదు.

మరునాడు ఆఫీసులో ఇదే చర్చ. టికెట్ ఇచ్చిన మహానుభావుడు సౌత్ ఫిలడెల్ఫియాలో పుట్టి పెరిగిన ఇటాలియన్ వంశస్థుడు. రేడియోలో జనం ఏం తిట్టుకుంటున్నారో వింటే తప్ప అతనికి కాఫీ దిగదు. ‘మళ్లీ టెరెల్ ఓవెన్స్ కథే’ అన్నాడు. ఓవెన్స్ కూడా ఒకప్పటి ఈగిల్స్ రిసీవరే. ఆ కథ తెలియకుండా ఈ ఊళ్లో ఉద్యోగం చేయకూడదని కూడా అన్నాడు. 2005 ఫిబ్రవరిలో, కాలి ఎముక విరిగి పూర్తిగా కోలుకోకముందే ఓవెన్స్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో దిగి తొమ్మిది క్యాచ్‌లతో 122 గజాలు సాధించాడు. జట్టు 24–21తో ఓడింది. ఆ వేసవిలో ఒప్పందం మార్చమని అడిగాడు, మార్చలేదు. ఆగస్టులో కోచ్ అతన్ని శిబిరం నుంచి ఇంటికి పంపితే, న్యూజెర్సీలోని ఇంటి ముందు చొక్కా విప్పి, కెమెరాల ఎదుట వ్యాయామం చేస్తూ ఇంటర్వ్యూలిచ్చాడు. నవంబరులో జట్టు అతన్ని సస్పెండ్ చేసింది, ఆ సీజనులో మళ్లీ మైదానంలోకి రానివ్వలేదు. విరిగిన కాలితో ఆడినవాణ్ణి ఏడాది తిరక్కముందే వీధిలో నిలబెట్టిన కథను మా సహోద్యోగి ఓవెన్స్ తలబిరుసుకు సాక్ష్యంగా చెబుతాడు. నాకు అది వేరే దేనికో సాక్ష్యంలా కనిపిస్తుంది.

మా టీములో ఇంకొక తెలుగాయన ఉన్నారు. వై2కె రోజుల్లో వచ్చి, గ్రీన్‌కార్డూ పౌరసత్వమూ ఎప్పుడో తీసుకున్న పెద్దాయన. ఆయన తీర్పు ఇంకా సూటిగా ఉంటుంది. ‘అంత డబ్బు ఇస్తున్నాక బంతి వస్తే ఏమిటి, రాకపోతే ఏమిటమ్మా? జట్టు గెలుస్తోందా లేదా? మన పని మనం చేసుకుని ఇంటికి రావాలి గానీ.’

ఆ మాట విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. బ్రౌన్ తరఫున కాదు.

నేను చేసే పని చెబితే ఆ కోపం అర్థమవుతుంది. మా క్లయింటు బీమా వ్యాపారం. పాలసీల లెక్కలు ఇప్పటికీ మెయిన్‌ఫ్రేమ్ అనే పాతతరం పెద్ద కంప్యూటర్ మీద నడుస్తాయి. నాకంటే వయసులో పెద్దవైన, కోబాల్ భాషలో రాసిన ప్రోగ్రాములు వందల్లో ఉంటాయి. ప్రతి నెలాఖరు రాత్రి ఒక పెద్ద బ్యాచ్, అంటే ఆ లెక్కలన్నీ ఒకదాని వెంట ఒకటి చేసే వరుస, నడుస్తుంది. అర్ధరాత్రి దాటాక ఎక్కడో అంకె ఉండాల్సిన చోట ఖాళీ వస్తుంది, ప్రోగ్రాం కుప్పకూలుతుంది, తెర మీద ఎస్‌0సీ7 అనే తప్పు సంకేతం పడుతుంది. ఫోను మోగుతుంది. లక్షల రికార్డుల్లో ఆ ఒక్క చెడ్డ రికార్డును పట్టుకుని, పక్కన పెట్టి, ఆగిన మెట్టు నుంచే మళ్లీ నడిపించాలి. మొదటినుంచి నడిపితే తెల్లారేలోపు పూర్తికాదు. పొరపాటున దాటవేస్తే కొందరికి ప్రీమియం రెండుసార్లు పడుతుంది. అంతా సవ్యంగా జరిగితే పొద్దున్న ఎవరికీ ఏమీ తెలియదు. ఏమీ తెలియకపోవడమే నా పనితనం.

అదే సమయంలో ఇవే లెక్కలను క్లౌడ్‌లోకి మార్చే పని పక్క గదిలో జరుగుతుంటుంది. ఆ పని చేసేవాళ్లు శుక్రవారం డెమో ఇస్తారు. చప్పట్లు పడతాయి. వాళ్లకు సందేహం వస్తే అడిగేది నన్నే, ఎందుకంటే ఏ ప్రోగ్రాం ఎందుకు అలా రాశారో చెప్పగలిగేది నేనే. ఆ పనిలో చోటిమ్మని అడిగినప్పుడల్లా మా మేనేజరుది ఒకటే జవాబు: ‘మీరు లేకపోతే నెలాఖరు గడవదండీ.’ ఆయనా తెలుగువారే, మాకు పక్క జిల్లా. వడ్డించేవాడు మనవాడే. పొగడ్తతోనే తలుపు గడియ పెట్టడం ఎలాగో ఆయన దగ్గర నేర్చుకోవాలి.

కాబట్టి పై అంతస్తులో కూర్చుని పదకొండో నంబరును చూస్తున్నప్పుడు, సేఫ్టీ అతని వైపు ఒరగడం నాకు అంత స్పష్టంగా ఎందుకు కనబడిందో వేరే చెప్పక్కరలేదు.

‘పాసింగ్’ అన్న వారానికే ఏం జరిగిందో ఆ పెద్దాయనకు గుర్తు చేయాలనిపించింది. డిసెంబరు 15న పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌తో ఆట. హర్ట్స్ 290 గజాలు విసిరాడు. బ్రౌన్‌కు ఎనిమిది క్యాచ్‌లు, 110 గజాలు, ఒక టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించి పాయింట్లు తేవడం). జట్టు 27–13తో నెగ్గింది. అడగందే అమ్మైనా పెట్టదు. అడిగాక పెట్టింది, ఎవరి కడుపూ మాడలేదు. ఆ సీజను మొత్తం మీద లీగ్‌లోని 32 జట్లలో అందరికంటే తక్కువ పాసులు విసిరింది ఈగిల్సే. అలాంటి జట్టులో 13 ఆటలు మాత్రమే ఆడి బ్రౌన్ 1,079 గజాలు సాధించాడు. ఆకలి తప్పు కాదని ఆ లెక్కే చెబుతోంది.

జనవరిలో గ్రీన్‌బే ప్యాకర్స్‌తో ప్లేఆఫ్ ఆట, ఓడితే ఇంటికే. ఒక్కటంటే ఒక్క క్యాచ్, పది గజాలు. దాడి ఆటగాళ్లు బెంచి మీద ఉన్న సమయంలో బ్రౌన్ తీరిగ్గా ఒక పుస్తకం తీసి చదువుకుంటున్నాడని టీవీ చూపించింది. కావాలనే చేశాడు, అలిగాడు అన్నారు. మనసు నిలుపుకోవడానికి ప్రతి ఆటలోనూ చదువుతానని అతను చెప్పాడు. ఆ పుస్తకం మరునాటికి అమ్మకాల జాబితాలో పైకెక్కి కూర్చుంది. ఆఫీసులో ఏకాగ్రత గురించి సలహాలిచ్చే మనుషులు ఎందరో ఉన్నారు. ఒకడు నిజంగా పాటిస్తే వాళ్లకే అనుమానం వచ్చింది.

2025 ఫిబ్రవరి 9న సూపర్ బౌల్. కాన్సాస్ సిటీ చీఫ్స్‌ను 40–22తో చిత్తు చేశారు. బ్రౌన్‌కు మూడు క్యాచ్‌లు, 43 గజాలు, ఒక టచ్‌డౌన్. ప్రేమికుల రోజున బ్రాడ్ స్ట్రీట్‌లో విజయయాత్ర జరిగితే మా ఆఫీసు సగం ఖాళీ. ఊరు ఇంకా మత్తులో ఉండగానే బ్రౌన్ ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక మాట రాశాడు. కప్పు గెలిస్తే పడ్డ కష్టానికి అర్థం దొరుకుతుందనుకున్నాడట, దొరకలేదట. మైదానంలో ఎదుటివాడి మీద ఆధిపత్యం చూపినప్పుడే తనకు ఆ పులకింత అని సారాంశం. కృతఘ్నత అన్నారు కొందరు. నాకైతే ఆ సీజను మొత్తంలో నేను విన్న అతి నిజాయితీ గల మాట అదే. పని తెలిసినవాడికి పని కావాలి. జీతం, కప్పు, చప్పట్లు దానికి బదులు కావు. ఓడినప్పుడు పాత్ర గురించి ఫిర్యాదు చేస్తే సాకు వెతుకుతున్నాడంటారు. గెలిచినప్పుడు చేస్తే స్వార్థమంటారు. అయినా నేను గెలిచినప్పుడు చేసే ఫిర్యాదునే నమ్ముతాను, ఎందుకంటే అందులో దాక్కోవడానికి ఏమీ లేదు.

అయితే అలా అనగలగడానికి వెనక ఏముండాలి? 2024 ఏప్రిల్‌లో బ్రౌన్ ఒప్పందాన్ని మరో మూడేళ్లు పొడిగించారు: 9 కోట్ల 60 లక్షల డాలర్లు, అందులో 8 కోట్ల 40 లక్షలు ఏం జరిగినా ఇచ్చి తీరాల్సినవి. ఈ లీగ్‌లో అందరికీ ఆ భరోసా లేదు. అసలు జట్టులో చోటు దొరక్క ప్రాక్టీస్ స్క్వాడ్‌లో వారం జీతం మీద బతికే రిసీవర్‌ను ఏ మంగళవారమైనా ఇంటికి పంపవచ్చు. అతనికీ బంతి కావాలి. అతని అసంతృప్తిని మనం ఎప్పుడూ వినం.

హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లం ఏ వరుసలోవాళ్లమో చెప్పనక్కరలేదు. ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. ఆ లోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వీసా హోదా మార్చుకోవాలి, లేదా పెట్టెలు సర్దాలి. ఇది అందరికీ తెలిసిన భయం. తెలియనిది, బయటివాళ్లకు ఎంత చెప్పినా ఎక్కనిది ఇంకొకటి: మా పాత్ర చట్టంలో రాసి ఉంటుంది. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెర్మ్ అనే కార్మిక శాఖ దరఖాస్తు వేసేటప్పుడు ఈ ఉద్యోగి చేసే పని ఇదీ, కావలసిన అర్హతలు ఇవీ అని ప్రభుత్వానికి రాసిస్తుంది, ప్రకటనలిస్తుంది, ఆ పనికి ఇక్కడివాళ్లు దొరకలేదని చూపిస్తుంది. తర్వాత ఆ పని స్వభావం బాగా మారితే పెర్మ్ మళ్లీ మొదటినుంచి వేయాలి. ఆ తర్వాత కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఆమోదం అయి ఉంటే వరుసలో మన తేదీ పోదు. కానీ ఆ కాగితాలన్నీ కంపెనీ మళ్లీ నడపడానికి ఒప్పుకోవాలి. వరుస ఎంత పొడుగంటే, 2025 చివరినాటికి ఈబీ-2 అనే గ్రీన్‌కార్డు తరగతిలో భారతీయులకు వంతు వచ్చిన తేదీ ఇంకా 2013లోనే తచ్చాడుతోంది. అంటే పన్నెండేళ్ల కిందట మనం ఏ పని చేస్తామని రాశారో, ఇంచుమించు ఆ పనిలోనే ఉంటే అందరికీ సుఖం. మేనేజరు గడియ పెడితే, తాళం కాగితాలు వేస్తాయి.

2025 సెప్టెంబరు నెలాఖరు నాకు బాగా గుర్తుండటానికి కారణం బ్యాచ్ కాదు. 19వ తేదీన కొత్త హెచ్1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము అని ప్రకటన వచ్చింది. ఎవరికి వర్తిస్తుందో తేలేదాకా వాట్సాప్ గ్రూపులు నిద్రపోలేదు. ఇండియాలో ఉన్నవాళ్లు సెలవు మధ్యలో విమానాలెక్కారు, ఇక్కడినుంచి వెళ్లాల్సినవాళ్లు టికెట్లు రద్దు చేసుకున్నారు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు కాదని స్పష్టం చేసేసరికి వారాంతం గడిచిపోయింది. ఆ వేడి చల్లారకముందే, 28వ తేదీన టాంపా బే మీద ఈగిల్స్ 31–25తో గెలిచింది. నాలుగింటికి నాలుగు గెలుపులు. బ్రౌన్‌కు రెండు క్యాచ్‌లు, ఏడు గజాలు. ఆ సాయంత్రం ఎక్స్‌లో ఒక పోస్టు పెట్టాడు: ఆదరించని చోట, మాట వినని చోట గొడవ చేయకుండా తప్పుకుని నీ దారిన నువ్వు వెళ్లు అని. గుంటూరులో మిషనరీ బడిలో చదివినదాన్ని కాబట్టి ఎక్కడిదో వెంటనే పోల్చుకున్నాను. మార్కు సువార్త ఆరో అధ్యాయం, పాదధూళి దులుపుకోమన్న మాట.

లేచి వెళ్లిపో! మా గ్రూపుల్లో ఆ వారమంతా చర్చించింది దాని గురించే కదా, కాకపోతే మాకు ఎవరూ సువార్త భాషలో చెప్పలేదు.

ఆ పోస్టు నాకు నచ్చలేదు, ఈ విషయంలో మా సౌత్ ఫిలడెల్ఫియా మిత్రుడితో నాకు పేచీ లేదు. ‘పాసింగ్’ అన్నప్పుడు ఏది సరిచేయాలో చెప్పాడు. ఇప్పుడు చెప్పింది సూచన, సామెత, పొడుపుకథ. దాన్ని పట్టుకుని ఎవరైనా ఏం సరిచేస్తారు? మన అంబటి రాయుడు గుర్తొచ్చాడు. 2019 ప్రపంచ కప్పు జట్టులో అతన్ని కాదని విజయ్ శంకర్‌ను తీసుకుని, అతనిలో మూడు కోణాలున్నాయని సెలెక్టర్ల పెద్ద ఎమ్మెస్కే ప్రసాద్ చెబితే, ప్రపంచ కప్పు చూడటానికి త్రీడీ కళ్లద్దాలకు ఆర్డరిచ్చానని రాయుడు ట్వీట్ పెట్టాడు. రాయుడూ ప్రసాదూ ఇద్దరూ గుంటూరువాళ్లే! వడ్డించేవాడు మనవాడైతే ఏం లాభమో మా ఊరివాళ్లకు అప్పుడే తెలియాల్సింది. ట్వీట్ చదివి అందరం నవ్వుకున్నాం. తర్వాత విజయ్ శంకర్ గాయపడితే కూడా పిలుపు రాయుడికి రాలేదు, మయాంక్ అగర్వాల్‌కు వెళ్లింది. రాయుడు రిటైర్మెంట్ ప్రకటించి, రెండు నెలలు తిరక్కుండానే వెనక్కి తీసుకున్నాడు. వన్డేల్లో 47 సగటు ఉన్నవాణ్ణి జనం ఇప్పటికీ ఆ కళ్లద్దాలతోనే గుర్తుపెట్టుకున్నారు. చమత్కారం ఫిర్యాదును మింగేసింది.

నవంబరులో బ్రౌన్ మళ్లీ దారిలో పడ్డాడు, మొదట ఇంకొంచెం తప్పి. గ్రీన్‌బేలో ఈగిల్స్ 10–7తో గెలిచింది. అతనికి రెండు క్యాచ్‌లు, 13 గజాలు. ఆ వారమే ఆన్‌లైన్ ప్రసారంలో వీడియో గేమ్ ఆడుకుంటూ, ఆన్‌లైన్‌లో సరదాగా కట్టుకునే ఫ్యాంటసీ జట్లలో నన్ను పెట్టుకున్నవాళ్లు వదిలించుకోండి అని అభిమానులకు సలహా ఇచ్చాడు. తర్వాత విలేకరుల ముందు మాత్రం విషయం విషయంగా మాట్లాడాడు. డిఫెన్స్ కాపాడుతోంది కాబట్టి గెలుస్తున్నాం, ఆ గెలుపును పట్టీలా అతికించి గాయాన్ని దాచుకోలేం, దాడి తన వంతు మోయాలి అన్నది అతని వాదన. జట్టు గెలుస్తోందా లేదా అన్న మా పెద్దాయన ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నేను చెప్పలేను. ఆయనకు వినిపించాను కూడా. ‘అదంతా డబ్బు మాట్లాడించే మాటమ్మా’ అని నవ్వేశారు. సగం నిజం.

ఆ డిసెంబరులో అప్రైజల్ పత్రంలో ‘మీ అభిప్రాయం’ అన్న గడిలో నేను సామెతలేవీ రాయలేదు. నెలాఖరు బ్యాచ్ ఏడాదంతా సకాలంలో పూర్తయింది, ఇది నా పని; ఈ లెక్కలను క్లౌడ్‌కు మార్చడంలో ఎక్కడెక్కడ తప్పులు దొర్లుతున్నాయో ఇవీ, వాటిని సరిచేసే పని నాకు ఇవ్వాలి అని వరుసగా రాశాను. మధ్యాహ్నానికల్లా మేనేజరు నుంచి ఫోను. ‘ఏమండీ, ఎవరైనా ఏమైనా అన్నారా? బయట ఆఫరేమైనా వచ్చిందా?’ పని కావాలని అడిగితే పని మానేస్తున్నానని అర్థం చేసుకోవడం మన మేనేజర్లకే చేతనవును. ఎవరూ ఏమీ అనలేదని, ఆఫరేమీ లేదని చెప్పాను. ఆయన గొంతులో నిశ్చింత వినబడింది. నా బేరం బలం అక్కడే సగం పడిపోయిందని నాకూ తెలిసింది.

బ్రౌన్ కథ ఆ సీజనులో ఎవరి వాదనకూ పూర్తిగా లొంగలేదు. థ్యాంక్స్‌గివింగ్ మరునాడు షికాగో బేర్స్‌తో ఆటలో అడిగినన్ని బంతులొచ్చాయి: పది క్యాచ్‌లు, 132 గజాలు, రెండు టచ్‌డౌన్లు. జట్టు 24–15తో ఓడింది. అంతా కలిపి మళ్లీ వెయ్యి గజాలు దాటాడు. 2026 జనవరి 11న ప్లేఆఫ్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు వచ్చి మా ఊళ్లోనే 23–19తో ఈగిల్స్‌ను ఇంటికి పంపింది. పట్టీ ఊడింది. బ్రౌన్‌కు మూడు క్యాచ్‌లే, పైగా అందాల్సిన బంతులు కూడా చేజార్చాడు. పక్క గీత దగ్గర కోచ్ సిరియానీ అతని మీద అరవడం దేశమంతా చూసింది. రెండు రోజుల్లో దాడి వ్యూహాలు గీసే కోఆర్డినేటర్ కెవిన్ పటులోను ఆ బాధ్యత నుంచి తప్పించారు. ‘పదకొండో నంబరును కూడా పంపేయాలి’ అన్నాడు మా మిత్రుడు, ఆకుపచ్చ టోపీ బల్ల మీద కొట్టి. పంపితే సేఫ్టీ ఎవరి వైపు ఒరుగుతాడని అడిగాను. ‘చేతికొచ్చిన బంతి పట్టనివాడి వైపు ఎవడూ ఒరగక్కరలేదు’ అన్నాడు. ఆ పూట ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మరునాడు పాత ఆటల వీడియోలు పంపాను. చూడలేదు.

నాకు వచ్చిన ఫలితం కూడా చెప్పాలి. క్లౌడ్ పనిలో కొంత భాగం ఇచ్చారు. నెలాఖరు బ్యాచ్ తీసేయలేదు, కాబట్టి ఇప్పుడు రెండూ నావే. కొత్త బాధ్యతలు పెర్మ్‌లో రాసిన ఉద్యోగంతో పొసగుతాయో లేదో చూడమని హెచ్చార్ లాయరుకు పంపింది. పొసగుతాయి గానీ ఆ పనే ప్రధానం కాకుండా చూసుకోమని లాయరు రాశారు. మేనేజరు ఆ ఈమెయిల్‌ను నాకు పంపుతూ పైన ఒక ముక్క చేర్చారు: ‘చూశారుగా, నా చేతిలో లేదండీ.’ వచ్చే శుక్రవారం డెమోలో నా పేరు మూడోది. ఎంతసేపు మాట్లాడవచ్చో ఇంకా చెప్పలేదు.